కొలవని నీళ్లు

2008 ఫిబ్రవరిలో అమెరికన్ కెమికల్ సొసైటీ వారపత్రిక ‘కెమికల్ అండ్ ఇంజినీరింగ్ న్యూస్’లో తిరుపతి పేరు కనబడింది. అలాంటి పత్రికలో మన తెలుగు ఊరి పేరు చూస్తే గుండె ఉప్పొంగాలి. ఆ వార్త చదివితే మాత్రం తలదించుకోవలసి వచ్చింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ ప్రొఫెసరుగా ఉన్న పి. చిరంజీవి 2004 నుంచి 2007 దాకా విదేశీ పత్రికల్లో అచ్చు వేయించిన పరిశోధన పత్రాల్లో 70కి పైగా ఎత్తిరాసినవో, ఫలితాలు కల్పించినవో అని తేలింది. వాటిని వేసుకున్న పత్రికలు పాతిక.

డెబ్బై అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. నాలుగేళ్లంటే నలభై ఎనిమిది నెలలు. నెలకు దాదాపు ఒకటిన్నర పేపరు. ల్యాబులో పూటలకు పూటలు నిలబడ్డవాళ్లకు ఈ లెక్క వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ఒక్క పేపరు వెనక ఎంత చాకిరీ ఉంటుందో చెప్పాలి.

చిరంజీవి రంగం అనలిటికల్ కెమిస్ట్రీ. నీళ్లలో, మట్టిలో, తిండిలో లేశమాత్రంగా ఉండే లోహాలనూ పురుగుమందుల అవశేషాలనూ పట్టుకునే విద్య. లీటరు నీళ్లలో మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఉన్నా పట్టుకోవాలి. ముందు సీసాలను యాసిడ్‌తో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే సీసాలో ఉన్న లోహమే నీళ్లలో ఉన్నట్టు చూపిస్తుంది. బావి దగ్గరకో కాలువ దగ్గరకో వెళ్లి నీళ్లు పట్టాలి, వడగట్టాలి, లోహం సీసా గోడలకు అంటుకోకుండా నాలుగు చుక్కల నైట్రిక్ యాసిడ్ కలపాలి. ఆ లోహంతో కలిసి రంగు తేలే రసాయనాన్ని ఎంచుకోవాలి. ఏ పీహెచ్ దగ్గర రంగు బాగా నిలుస్తుందో తెలియాలంటే బఫర్లు మార్చి మార్చి చూడాలి. రంగు ఎన్ని నిమిషాలు నిలుస్తుంది, వేడికి పోతుందా, వెలుతురుకు పోతుందా చూడాలి. తెలిసిన మోతాదులతో స్టాండర్డ్ ద్రావణాలు చేసి ఒక్కొక్కటే కువెట్ అనే చిన్న గాజు పాత్రలో పోసి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి, ఎంత వెలుతురు పీల్చుకుందో చెప్పే అబ్జార్బెన్స్ రాసుకోవాలి. ఆ అంకెలతో గీసిన గీత తిన్నగా రావాలి. రాకపోతే మళ్లీ మొదటి నుంచి. తర్వాత ఇనుము అడ్డొస్తుందా, రాగి అడ్డొస్తుందా అని పదీ పదిహేను అయాన్లను ఒక్కొక్కటే కలిపి చూడాలి. చివరికి అసలు నీళ్లలో తెలిసిన మోతాదు కలిపి, కలిపిందంతా తిరిగి దొరుకుతోందా అని సరిచూసుకోవాలి. ప్రతిదీ మూడేసి సార్లు, అయిదేసి సార్లు. మధ్యలో కరెంటు పోతే ఆ పూట పని గోవిందా. ఇదంతా అయ్యాక పేపరులో మిగిలేది నాలుగు పట్టికలు, రెండు గ్రాఫులు.

ఈ చాకిరీ ఎవరికోసమంటే, ఆ నీళ్లు తాగేవాళ్లకోసం. 1937లో నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు వంగి, పళ్లు గారపట్టిన మనుషుల రోగానికి కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని వైద్యులు గుర్తించారు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాసిన తొలి నివేదికల్లో అదొకటి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతున్న హద్దు, ఎందరో సీసాలు పట్టుకుని బావుల చుట్టూ తిరిగితే వచ్చింది. నల్గొండలో బిడ్డలు వంకరకాళ్లతో పెరిగిన ఊళ్లకు వేరే నీళ్లు కావాలని అడగగలిగింది కూడా, అక్కడి నీళ్లను ఎవరో కొలిచారు కాబట్టే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతటా నల్గొండ పేరే పెట్టారు. కాబట్టి నీళ్ల మీద పేపరు రాయడమంటే ఆ నీళ్లు తాగే ఊరికి హామీపత్రం రాసివ్వడం. కొలవకుండా అంకె వేస్తే, ఆ అంకెను నమ్మినవాళ్లంతా మోసపోయినట్టే. తిరుపతి కథలో నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇదే. ఎవరి వాక్యాలు ఎవరు దొంగిలించారన్న లెక్క తర్వాత. చూడకుండా చూశామని, కొలవకుండా కొలిచామని రాయడం ఆ వాక్యాల దొంగతనం కంటే పెద్ద నేరం.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పుట్టింది. రాయలసీమ, నెల్లూరు జిల్లాల పేద రైతుబిడ్డలకు అది ఇంటి దగ్గర దొరికిన పెద్ద చదువు. అంతకుముందు మద్రాసుకో వాల్తేరుకో పోగలిగినవాళ్లకే అలాంటి చదువు అందేది. ఇంట్లో మొదటిసారి ఎమ్మెస్సీ చదివినవాడు, చదివిన మొదటి ఆడపిల్ల, కొండ కింద ఆ హాస్టళ్లలో ఉండి, మెస్ బిల్లుకు ఇంటి నుంచి వచ్చే మనియార్డరు కోసం చూసి, డాక్టర్ అనిపించుకుని ఊరికి పోయారు. అలాంటి పిల్లలకు గైడ్ దొరకడమంటే సగం జీవితం స్థిరపడ్డట్టు. గైడ్ సంతకం లేనిదే ఫెలోషిప్ కదలదు, థీసిస్ కదలదు, సెమినార్‌కు పోవడానికి ప్రయాణ ఖర్చూ రాదు. గైడ్ మాటను దైవవాక్కుగా తీసుకునే పిల్లలే ఎక్కువ. అంత నమ్మకం ఉన్నచోట గురువు తప్పుదారి పడితే ఏమవుతుందో ఆ నాలుగేళ్లలో జరిగింది.

గుట్టు బయటపడిన దారి కూడా చెప్పుకోదగ్గదే. ఏ పత్రికకైనా పేపరు పంపితే, అచ్చు వేసే ముందు అదే రంగంలోని మరొకరికి పంపి అభిప్రాయం అడుగుతారు. ‘అనలిటికా కిమికా ఆక్టా’ అనే పత్రికకు తిరుపతి నుంచి వెళ్లిన పేపరును అలా చదివినవారికి అనుమానం వచ్చింది. దీన్ని ఎక్కడో చదివానే అనిపించింది. ఆ పత్రిక సంపాదకుల్లో ఒకరు పూర్ణేందు దాస్‌గుప్తా, అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో ఆచార్యుడు. ఆయన ఆ తీగ పట్టుకుని లాగితే డొంకంతా కదిలింది. ఇలాంటి పేపర్లకు ఒక మూస ఉంటుంది. రసాయనం, లోహం, పీహెచ్, గ్రాఫు, పట్టిక, అసలు నమూనాలు. ఒకరు రాసిన పేపరులో లోహం పేరు తీసి ఇంకొక లోహం పేరు పెడితే, పైపైన చూసేవాడికి కొత్త పేపరులాగే కనిపిస్తుంది. ఒక్కొక్క పత్రికకూ తన దగ్గరికొచ్చిన రెండో మూడో కనబడ్డాయి. పాతిక పత్రికల్లోనూ ఉన్నవన్నీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు లేకపోయారు. అందుకే అన్నేళ్లు సాగింది. సంపాదకులు ఒకరికొకరు చెప్పుకున్నాక, తిరుపతికి ఉత్తరాలు వెళ్లాక, విశ్వవిద్యాలయం విచారణ కమిటీ వేసింది. ఆరోపణలు నిజమేనని తేలింది.

అప్పటికి ఈ దేశంలో ఇలాంటి ఫిర్యాదు తీసుకుని విచారించే చట్టబద్ధమైన సంస్థ లేదు. 1986లో కొందరు శాస్త్రవేత్తలు కలిసి పెట్టుకున్న ‘సొసైటీ ఫర్ సైంటిఫిక్ వాల్యూస్’ ఒకటుండేది. తప్పును తప్పని చెప్పడం వరకే దాని శక్తి, శిక్షించే అధికారం లేదు. కాబట్టి ఎవరి ఇంటి తీర్పు వారిదే. చిరంజీవి ఇక పరిశోధనలకు గైడ్‌గా ఉండకూడదని, పరిపాలనా పదవులు చేపట్టకూడదని విశ్వవిద్యాలయం నిషేధించింది. ఉద్యోగం నుంచి మాత్రం తీసేయలేదు. ఆయన పేపర్లలో కొన్నిటిని పత్రికలు ఒక్కొక్కటే రద్దు చేసుకున్నాయి.

రద్దయిన పేపరు ఎలా ఉంటుందో చాలామంది చూసి ఉండరు. అది మాయమైపోదు. ఎల్సెవియర్ లాంటి ప్రచురణ సంస్థలు దాన్ని అలాగే ఉంచి, ప్రతి పుట మీదా అడ్డంగా పెద్ద అక్షరాలతో రద్దు ముద్ర కొడతాయి. ఆ అక్షరాల వెనక పట్టికలు, గ్రాఫులు కనిపిస్తూనే ఉంటాయి. పైన రచయితల పేర్లూ ఉంటాయి. ఒక్క పేరు కాదు, నాలుగు, అయిదు, ఆరు. అవి ఆయన దగ్గర పరిశోధన చేసిన పిల్లల పేర్లు. ఎవరెవరు ఏ మేరకు తెలిసి చేశారో ఆ పుటలు చెప్పవు. ఒకడు నిజంగానే పొద్దంతా కువెట్లు కడిగి ఉండవచ్చు. ఇంకొకడి పేరు అడగకుండానే చేర్చి ఉండవచ్చు. మరొకడు కంప్యూటర్ ముందు కూర్చుని లోహాల పేర్లు మార్చి ఉండవచ్చు. ముద్ర అందరి మీదా ఒకే మందంతో పడింది.

నేనుండేది బూర్గంపాడులో. డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. తిరుపతి కథ ఇక్కడికి చాలా దూరంలో జరిగింది కానీ, దాని వేరు మా క్లాసురూముల్లో కూడా ఉందని నాకు రోజూ కనిపిస్తుంది. మా మండలంలోని సారపాకలో కాగితం తయారవుతుంది. భద్రాచలం పేపర్‌బోర్డ్స్ పేరుతో 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ మిల్లు 2002లో ఐటీసీలో కలిసింది. జామాయిలు, సుబాబుల్ కర్రల లోడు లారీలు రాత్రీపగలూ ఆ గేటు ముందు వరసకడతాయి. ఈ చుట్టుపక్కల రైతులు పత్తికి బదులు జామాయిలు వేసుకున్నదీ ఆ మిల్లును నమ్ముకునే. గోదావరి మీది బ్రిడ్జి దాటితే భద్రాచలం. ప్రాజెక్టులు ఇచ్చే నెల వచ్చిందంటే అక్కడి జిరాక్స్ సెంటర్లలో స్పైరల్ బైండింగ్ మిషన్లకు ఊపిరి ఆడదు. పైన పారదర్శకపు అట్ట, లోపల కాలేజీ ముద్ర ఉన్న సర్టిఫికెట్, ఆ వెనక ‘ఇది నా స్వంత కృషి’ అన్న డిక్లరేషన్, దాని కింద సంతకం. సీనియర్ల రికార్డులు అదే షాపు కంప్యూటర్లో ఫైళ్లుగా ఉంటాయి. పేరు, రోల్ నంబరు మారిస్తే కొత్త ప్రాజెక్టు.

2022 వరద వచ్చి వెళ్లిన విద్యాసంవత్సరంలో ఒక కుర్రాడు గోదావరి వరదల మీద ప్రాజెక్టు తెచ్చాడు. బూర్గంపాడు మండలంలో వరద నష్టం అని అంశం. డిగ్రీ కాలేజీల పిల్లలతో ఇలాంటి చిన్న పరిశోధనలు చేయించడానికి తెలంగాణ కళాశాల విద్యాశాఖ ‘జిజ్ఞాస’ పేరుతో పోటీలు పెడుతుంది. ఆ తరహాలో చేసిందే ఇది కూడా. భాష శుభ్రంగా ఉంది. అనుమానం వచ్చింది కూడా అందుకే. మూడో పుటలో ఒక వాక్యం దగ్గర చదువు ఆగిపోయింది. హంద్రీ గోదావరిలో కలిసేచోట నీళ్లు వెనక్కి తన్ని ఊరిని ముంచాయట. హంద్రీ కలిసేది కర్నూలు దగ్గర తుంగభద్రలో. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పటి మీద ఎవరో రాసింది తెచ్చి, తుంగభద్ర ఉన్నచోటల్లా గోదావరి అని మార్పించాడు. హంద్రీని మార్చడం మరిచాడు. మాకు ఇక్కడ గోదావరిలో కలిసేది కిన్నెరసాని. గోదావరి ఉబ్బితే కిన్నెరసాని నీళ్లు పోవడానికి దారిలేక ఊరి మీదికి తిరుగుతాయి. ఆ సంగతి ఇక్కడ ఎడ్లు కాసే పిల్లలకు కూడా తెలుసు.

ఆ కుర్రాడిది లోతట్టు వీధి. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర. 1986 తర్వాత అంత వరద అదే, అప్పుడు 75.6 అడుగులు.

“మీ ఇంట్లోకి నీళ్లు ఎందాకా వచ్చాయిరా?” అని అడిగాను.

“కిటికీ మీది దాకా వచ్చినయి సార్.”

“ఎన్ని రోజులు ఉన్నాయి?”

“నాలుగు రోజులు. తర్వాత ఒండ్రు ఎత్తిపోయనీకి వారం పట్టింది.”

ఇక ఆపకుండా చెప్పాడు. వాళ్ల నాన్న రాత్రిపూట గేదెల పలుపులు కోసి వదిలిన సంగతి, బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించినా తడిసి మొలకలెత్తిన సంగతి, బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేస్తే అవతల భద్రాచలంలో ఉండిపోయిన అక్క ఫోన్ కోసం చూసిన సంగతి, పునరావాస కేంద్రంలో నానమ్మ అన్నం ముట్టకుండా కూర్చున్న సంగతి. పది నిమిషాల్లో అతను చెప్పిందాంట్లో నష్టం ఉంది, కారణం ఉంది, తేదీలున్నాయి, మనుషులున్నారు.

“ఇదంతా ప్రాజెక్టులో లేదేం?”

“ఇవి కూడా రాస్తారా సార్?” అన్నాడు. అడగడంలో కపటం లేదు. రాతలో పెట్టేది ఎక్కడో ఎవరో పెద్దవాళ్లు తేల్చిన సంగతి అయి ఉండాలని, తన కళ్లతో చూసినదానికి ఆ స్థాయి లేదని పన్నెండు పదిహేనేళ్ల చదువు అతనికి నూరిపోసింది. నాకు కోపం చల్లబడింది, దిగులు పట్టుకుంది. ఈ పిల్లవాడు దొంగ అయితే, అతని చేతికి గైడు పుస్తకం ఇచ్చి దాన్నే కక్కించి మార్కులు వేసినవాళ్లను ఏమనాలి? టేపు పట్టుకుని తమ వీధిలో ఇళ్ల గోడల మీద బురదచార ఎంత ఎత్తులో ఉందో కొలుచుకు రమ్మన్నాను. ఇంటి నంబర్ల వారీగా అంగుళాల్లో కొలిచి తెచ్చాడు. పట్టిక వంకరటింకరగా ఉంది, స్పెల్లింగులు తప్పులున్నాయి. మండలం మీద అంత నిజమైన కాగితం నా చేతికి ఈ మధ్య రాలేదు.

ఎత్తిరాసినవాళ్లంతా బద్ధకస్తులని తీర్మానించడం తేలిక. నేను చూసినంతలో చాలామందిని ఆ దారికి నెట్టేది భయం. పదో తరగతి దాకా, డిగ్రీ దాకా తెలుగులో చదివిన పిల్ల పీజీలో చేరగానే ఇంగ్లీషులో థీసిస్ రాయాలి. లెక్కలు తనవే, రీడింగులు తనవే, ల్యాబులో నిలబడ్డ కాళ్లు తనవే. వాక్యం మాత్రం రాదు. అచ్చయిన పేపరులో వాక్యం తళతళలాడుతూ కనిపిస్తుంది. ఒకటి తీసుకుంటుంది. తర్వాత పేరా తీసుకుంటుంది. ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లు పక్కన ఉండరు. ఇది పెద్ద సంస్థల్లోనూ జరిగింది. 2011లో బెంగళూరు నుంచి సి.ఎన్.ఆర్. రావు సహరచయితగా ‘అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్’లో వచ్చిన పేపరులో కొన్ని వాక్యాలు వేరొక పేపరులోవని తేలితే, రచయితలు అదే పత్రికలో క్షమాపణ ప్రచురించారు. ఆ వాక్యాలు చేర్చింది విద్యార్థి అన్నారు. ప్రయోగ ఫలితాలు వాళ్లవే, అరువు వాక్యాలు కొన్నే. తిరుపతిలో జరిగినదానితో దీన్ని ఒకే గాటన కట్టకూడదు. ఆ తేడా విద్యార్థులకు ఎవరైనా విడమరచి చెబుతున్నారా అంటే, పేజీ పేజీకీ నకలు శాతం చూపించే సాఫ్ట్‌వేర్‌ను చూపించి భయపెట్టడమే ఎక్కువ.

పెద్దవాళ్ల పతనం ఇంకొకటి 2002లో నైనితాల్‌లో జరిగింది. కుమావూఁ విశ్వవిద్యాలయం ఉపకులపతి బి.ఎస్. రాజ్‌పుత్, ఆయన దగ్గరి పరిశోధకుడు కలిసి అచ్చు వేయించిన భౌతికశాస్త్ర పేపరు స్టాన్‌ఫర్డ్‌లో రెనాటా కల్లోష్ 1996లో రాసినదానికి నకలని బయటపడింది. స్టాన్‌ఫర్డ్ భౌతికశాస్త్రవేత్తలు నేరుగా రాష్ట్రపతి అబ్దుల్ కలామ్‌కే ఉత్తరం రాశారు. విచారణ జరిగింది, 2003 ఫిబ్రవరిలో ఉపకులపతి రాజీనామా చేశారు. అది జరిగిన మరుసటి ఏడాదే తిరుపతి పేపర్ల వరస మొదలవుతుంది. దేశమంతా చర్చించుకున్న ఆ ఉదంతం కూడా ఎవరి చేతినీ ఆపలేదన్నమాట.

ఇప్పుడు యంత్రాలున్నాయి. 2019 నుంచి ‘శోధశుద్ధి’ పథకం కింద విశ్వవిద్యాలయాలకు నకళ్లు పట్టే సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వమే ఇప్పించింది. ఇంగ్లీషు థీసిస్ అందులో వేస్తే ఏ వాక్యం ఎక్కడిదో రంగు పూసి చూపిస్తుంది. తెలుగు థీసిస్ సంగతి వేరు. ఏళ్ల తరబడి మన డీటీపీ సెంటర్లలో తెలుగు టైపు చేసింది అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. అవి యూనికోడ్ కావు. మన కంటికి ‘అమ్మ’ అని కనిపించేది యంత్రానికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల వరసగా కనిపిస్తుంది. పాత థీసిస్‌లు చాలా స్కాన్ చేసిన బొమ్మలే. వాటిలోంచి పేరాలకు పేరాలు ఎత్తి యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయిస్తే యంత్రం సున్నా శాతం అంటుంది. కాబట్టి తెలుగు శాఖల్లో ఇప్పటికీ దొంగను పట్టేది చదివిన మనిషి కన్నే. నాలుగో అధ్యాయంలో ఉన్నట్టుండి గ్రాంథికం వచ్చిందంటే, ముద్రారాక్షసం కూడా పాత పుస్తకంలో ఉన్నట్టే ఉందంటే, పాదసూచికలో ఉన్న పుస్తకం పేరు పరిశోధకుడే సరిగా పలకలేకపోతున్నాడంటే, చదివినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. చదవాలి, అంతే.

ఇంగ్లీషులో యంత్రాన్ని తప్పించుకునే విద్య కూడా పుట్టింది. పేరాను ఒక సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మాటలు మార్చి ఇస్తుంది. అలా మారిన మాటలు ఎంత వికారంగా ఉంటాయో 2021లో గియోమ్ కబానాక్, మరో ఇద్దరు పరిశోధకులు వెలికితీసి చూపించారు. కృత్రిమ మేధ అని ఉండవలసినచోట నకిలీ స్పృహ అన్నంత వింత మాటలు అచ్చయిన శాస్త్ర పత్రికల్లో వందలకొద్దీ దొరికాయి. రచయిత చదవలేదు, గైడ్ చదవలేదు, పత్రిక చదవలేదు. ఇప్పుడైతే పేరా మొత్తం రాసిపెట్టే యంత్రాలే పిల్లల ఫోన్లలోకి వచ్చేశాయి. హంద్రీని మరిచిపోయే పొరపాటు అవి చేయకపోవచ్చు. ఆ కుర్రాడి వీధిలో బురదచార ఎంత ఎత్తుందో మాత్రం వాటికి తెలిసే దారి లేదు. అడగవలసింది అదే. ఏ నీళ్లు పట్టావు, ఏ రోజు పట్టావు, సీసా ఏది, రికార్డు బుక్కులో కొట్టివేతలున్న అసలు పేజీ ఏది? చేసినవాడు ఈ ప్రశ్నలకు ఉత్సాహంగా జవాబిస్తాడు. చెయ్యనివాడు నేల చూస్తాడు. తిరుపతిలో ఆ నాలుగేళ్లలో ఎవరైనా ఒక్కరు ల్యాబులోకి వచ్చి ఈ నాలుగు మాటలు అడిగి ఉంటే ఆ లెక్క డెబ్బైకి చేరేది కాదని నా నమ్మకం.

అడగకపోవడానికి కారణం ఉంది. పేపర్ల సంఖ్య విభాగానికి కీర్తి, విశ్వవిద్యాలయానికి గ్రేడు. ఆ తర్వాత వచ్చిన నిబంధనలు ఆ ఆశను ఇంకా పెంచాయి. 2009లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేముందు ఒక పేపరైనా అచ్చు కావాలంది. 2010లో అధ్యాపకుల పదోన్నతులకు పేపరుకు ఇన్ని అని మార్కులు పెట్టారు. డబ్బులు తీసుకుని ఏది పంపినా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి, మన హైదరాబాదులోనూ లేచాయి. పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి అన్న షరతును 2022లో ఎత్తేశారు. అప్పటికి పదమూడేళ్లపాటు పిల్లలు ఆ గానుగలో తిరిగారు.

ఎత్తిరాతల మీద యూజీసీ 2018లో విడిగా నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై దాకా ఉంటే ఆరు నెలల్లోపు థీసిస్ సరిచేసి ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాది పాటు ఇవ్వకూడదు. అరవై దాటితే విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దు, అంటే అయిదారేళ్ల జీవితం ఒక్క కాగితంతో తుడిచిపెట్టుకుపోతుంది. అదే అరవై శాతం దాటిన పేపరు అధ్యాపకుడు అచ్చు వేయిస్తే, మొదటిసారికి ఆ పేపరు వెనక్కి తీసుకోవాలి, వరసగా రెండు ఇంక్రిమెంట్లు పోతాయి, మూడేళ్లు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. తన దగ్గరి పరిశోధన స్వచ్ఛమైనదేనని గైడ్ కూడా సర్టిఫికెట్ ఇవ్వాలని అవే నిబంధనలు చెబుతాయి. థీసిస్ మొదట్లో విద్యార్థిదీ గైడ్‌దీ రెండు సంతకాలూ ఎదురెదురు పుటల్లో ఉంటాయి. నెలకు ఒకటిన్నర పేపరు చొప్పున నాలుగేళ్లు ఏం జరిగిందో చూడగలిగిన స్థానంలో ఉన్నది ఆ రెండింట్లో ఏ సంతకం పెట్టినవారు? పిల్లల మీద పడే దెబ్బ బరువూ, పెద్దల మీద పడేదాని బరువూ ఎవరైనా పక్కపక్కన పెట్టి తూచవచ్చు.

విచారణ వేసిన ప్రతిచోటా, పేపరు మీద పేరున్న ప్రతి విద్యార్థినీ విడిగా కూర్చోబెట్టి, నువ్వేం చేశావు, నీకేం తెలుసు, నీ చేత ఎవరు చేయించారు అని అడిగి, ఆ జవాబును నమోదు చేసి, తప్పులేనివాళ్లకు లేదని రాతపూర్వకంగా ఇవ్వాలి. తిరుపతిలో ప్రొఫెసరుకు ఉద్యోగం మిగిలింది. ఆయన పక్కన పేర్లున్నవాళ్లది అప్పటికి ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకునే వయసు. ఆ దరఖాస్తుల్లో ప్రచురణలు రాయమని ఉండే గడిలో వాళ్లు రాసుకోగలిగిన పేపర్లు అవే.